నాలుగో మనిషి

“ఎంతమంది?”

చెరువు ఒడ్డున కయాకు పడవలు నీళ్లలోకి దింపుతుంటే వెనక నుంచి గొంతు వినిపించింది.

శ్యాం తిరిగి చూశాడు. మోకాళ్ల పైకి పంచె ఎగగట్టిన ముసలాయన. పక్కన తాళ్లతో బిగించిన థర్మాకోల్ తెప్ప.

“ఎవరు తాతా నువ్వు? క్యాంపు మనిషివా?”

“కాదు బిడ్డా. హీర్యా అంటరు. గీ పక్క తండనే మాది. ఎంతమంది పోతున్నరు గుట్ట మీదికి?”

శ్యాం నోరు తెరిచి ఆగాడు. ఉన్నది ముగ్గురే. తను, భార్య రజిత, చెల్లెలు కల్పన. కానీ పొద్దున రఘునాథపల్లిలో బయలుదేరుతుంటే తల్లి లచ్చమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది.

“ముగ్గురు పోతే పని చెడుతదిరా. గీ రాయి జేబుల ఏస్కో. ఎవలడిగినా నలుగురమని చెప్పు.”

శ్యాం డిగ్రీ చదివాడు, జనగామలో ఉద్యోగం చేస్తున్నాడు, ఇలాంటివి నమ్మడు. అయినా రాయి జేబులోనే ఉంది. మన అపనమ్మకాలన్నీ ఇంతే!

“నలుగురం,” అన్నాడు.

రజిత, కల్పన ఒకరినొకరు చూసుకుని నవ్వారు.

మొగుళ్లపల్లి దాటాక వచ్చే ఆ చెరువు సముద్రమేమీ కాదు. కానీ నడుమ దీవిలా ఒక గుట్ట ఉంది. కయాకుల్లో వెళ్లడం, గుట్ట ఎక్కడం, గుడారంలో పడుకోవడం, తెల్లారి ఫొటోలు. క్యాంపు నడిపేవాళ్ల వీడియోల్లో చూసి, వాళ్ల దగ్గరే కయాకులు అద్దెకు తీసుకున్నారు ముగ్గురూ.

గుట్ట ఎక్కి దిగి గుడారం వేసేసరికి పొద్దు వాలింది. నీళ్ల మీద మళ్లీ ఆ తెప్ప.

“ముగ్గురే కనవడ్తున్నరు. నాలుగో ఆయన ఏడి?”

“గీ ముసలాయన ఇడిసిపెట్టేటట్టు లేడు,” రజిత గొణిగింది. “మందుకేమన్న ఇస్తమేమోనని తిరుగుతున్నడు.”

శ్యాంకు చిర్రెత్తింది. ఒక అబద్ధానికి తోడు ఇంకొకటి కావాల్సి వచ్చింది.

“గుడారంల పండుకున్నడు. నువ్వు పో తాతా.”

హీర్యా గుడారం వైపు చూసి తలూపాడు.

“మంచిది. పొద్దుగాల గాలి లేస్తది. అది నిమ్మలమయ్యేదాక నీళ్లల్ల దిగకుండ్రి. లైఫ్ జాకెట్లు ఇప్పకుండ్రి.”

“సరే, సరే.”

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఇక్కడ చెప్పేవాడే లోకువైపోయాడు. రాత్రి జాకెట్లు దిండ్లయ్యాయి. తెల్లారి ఫొటోల్లో బాగుండవని వాటిని గుడారంలోనే వదిలి కయాకుల్లో తిరుగు దారి పట్టారు.

సగం దూరం కూడా రాలేదు, గాలి లేచింది.

ముందు కల్పన కయాకు బోల్తా పడింది. ఆమెను పట్టుకోబోయి శ్యాం, రజిత కూడా పడ్డారు. ముగ్గురిలో ఒక్కరికీ ఈత రాదు.

ఎటు నుంచి వచ్చాడో హీర్యా వచ్చాడు. ఆడవాళ్లిద్దరినీ తెప్ప మీదికి తోశాడు. తెప్ప తాడును శ్యాం చేతులకు చుట్టాడు. తను నీళ్లలో ఉండి కాళ్లతో తన్నుకుంటూ ఒడ్డుకు చేర్చాడు.

ఒక్కొక్కరి తల మీద చెయ్యి వేశాడు.

“ఒకటి. రెండు. మూడు. నాలుగో ఆయన ఏడి?”

శ్యాం నోటి వెంట మాటకు బదులు నీళ్లు వచ్చాయి. రజితకు స్పృహ లేదు. “వదినా, వదినా” అని అరుస్తున్న కల్పనకు ఆ ప్రశ్నే వినపడలేదు.

హీర్యా జవాబు కోసం ఆగలేదు. తెప్ప తిప్పాడు.

శ్యాంకు గొంతు పెగిలేసరికి తెప్ప నడి చెరువులో ఉంది.

“తాతా! ఇంకెవ్వరు లేరు! మేం ముగ్గురమే!”

ఎదురుగాలి. కేక పది గజాలు కూడా పోలేదు.

రెండు చేతులూ ఊపాడు. దూరం నుంచి చూసేవాడికి అది ‘అక్కడే, అక్కడే’ అన్నట్టు ఉంటుందని తట్టి టక్కున దించేశాడు. దించి ఏం చేయాలో తెలియలేదు. ఫోన్లు చెరువు పాలయ్యాయి. దారిన పోయే ట్రాక్టరాయన క్యాంపుకు ఫోన్ చేస్తే, బోటు రావడానికి గంట పడుతుందన్నారు.

బోల్తా పడిన కయాకుల దగ్గర ముసలాయన మునగడం, తేలడం చిన్నగా కనిపించింది. మళ్లీ మునిగాడు. మళ్లీ తేలాడు.

ఆ తర్వాత కనిపించలేదు.

రజిత కళ్లు తెరిచింది. శ్యాం ఒడ్డు బురదలో కూలబడి చూస్తూనే ఉన్నాడు.

జొన్నరొట్టెల మూట పట్టుకుని ఒక ముసలామె కట్ట దిగి వచ్చింది.

“మా ముసలాయన ఏడి బిడ్డా? మీ కాడికే అని ఉరికొచ్చిండు.”

“లోపలికి పోయిండవ్వా,” అంది కల్పన.

“ఎవలి కోసం?”

కల్పన అన్న వైపు చూసింది.

“ఇంకొక పిలగాడు నీళ్లల్లనే ఉన్నడా?” ముసలామె శ్యాం ముందు కూర్చుంది. ఆమె భుజం మీదుగా, ఖాళీ తెప్ప ఒక్కటే ఒడ్డుకు కొట్టుకువస్తూ శ్యాంకు కనిపించింది. వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆమె కొంగుతో అతని ముఖం తుడిచింది.

“ఏడ్వకు బిడ్డా, ఆయన తెస్తడు. పోయిన ఏడాది మా కొడుకును ఎంట పోయిన సోపతిగాళ్లు అందరొచ్చిండ్లనుకొని గా నీళ్లల్లనే ఇడిసి వచ్చిండ్లు, గప్పటిసంది మా ముసలాయన లెక్క సరిపోకుంట ఒడ్డెక్కడు.”