స్పెషల్ క్లాసు కిటికీ

కిటికీలో ఆ మొహం మళ్ళీ కనబడేసరికి నాగమణికి కంపరం పుట్టింది.

చేతిలో సుద్దముక్క ఆగిపోయింది.

బోర్డు పక్కనే కిటికీ. ఊచల అవతల ఒక మనిషి. నలభై దాటి ఉంటాయి. నెత్తిన సిమెంటు దుమ్ము, మాసిన చొక్కా, నాలుగు రోజుల గడ్డం. లోపలున్న ఆడపిల్లల వైపు కళ్ళార్పకుండా చూస్తూ, చప్పుడు లేకుండా పెదాలు ఆడిస్తున్నాడు.

'ఛీ, ఛీ! ఏం మనుషులో' అనుకుంది నాగమణి.

అసలు ఈ స్పెషల్ క్లాసంటేనే ఆమెకి రోత. తొంభై ఎనిమిది సంవత్సరం. మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్నాయని బడి కరస్పాండెంట్ విశ్వేశ్వరరావుకి పూనకం వచ్చింది. కొత్తగా దిగే ఆఫీసర్ల పిల్లలంతా తన బడికే రావాలి. అందుకు పదో తరగతిలో నూటికి నూరు శాతం పాసని గేటు మీద బ్యానర్ కట్టాలి.

లెక్కల్లో తప్పే వాళ్ళందరినీ ఏరి, బడి వదిలాక నాగమణి నెత్తిన పడేశాడు. పబ్లిక్ పరీక్షకి పేర్లు పంపేలోగా బాగుపడ్డారా సరే. లేదా, టీసీ చేతిలో పెట్టి బయటికి. ఫెయిలయ్యే పిల్ల బడిలోనే లేకపోతే బడికి మచ్చ ఎక్కడిది?

నాగమణి కూడా ఎప్పట్లాగే చెప్పేది. బోర్డు వైపు తిరిగి రాస్తూ, రాసిందల్లా గడగడా చదువుతూ. ఉదయం చెప్పిన పాఠమే సాయంత్రం మళ్ళీ. పొద్దుటి అన్నం వేడిచేసి పెట్టినట్టు.

అందులోనూ ఒక్క మంచి సంగతి, ముందు బెంచీలో కూర్చునే భూలక్ష్మి. తక్కిన సబ్జెక్టులన్నీ చక్కగా రాసే పిల్ల, లెక్కల్లో మాత్రం గుండుసున్నా. అలాంటిది మొన్నటి టెస్టులో ఏకంగా పాసయింది.

"మీ స్పెషల్ క్లాసు మహిమండీ మేడం!" అన్నాడు విశ్వేశ్వరరావు.

నాగమణి కాదనలేదు.

తీరా చూస్తే, కిటికీలో మనిషి చూస్తున్నది ఆ భూలక్ష్మినే. ఆ పిల్ల కూడా బోర్డు వదిలేసి వాడినే చూస్తోంది!

"ఈరమ్మా! ఇట్రా!"

ఆయా ఈరమ్మ చీపురుతో సహా కిటికీ అవతలికి పరిగెత్తుకొచ్చింది. "ఎవడ్రా నువ్వు? ఆడపిల్లల కాడ నీకేం పని?"

"ఊకెనే నిలవడ్డనమ్మా."

"ఊరికే నిలబడేవాడివి పెదాలెందుకు ఆడిస్తున్నావ్?" నాగమణి గయ్యిమంది.

అతను ఏదో చెప్పబోయాడు. భూలక్ష్మి వైపు ఒకసారి చూశాడు. నోరు మూసుకున్నాడు.

"గలతీ అయింది మేడం. ఇగ రాను."

"నీకు కూతుళ్ళు లేరూ? థూ!"

ఈరమ్మ చీపురుతో వీపు మీద ఒక్కటిచ్చింది. అతను వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

ముందు బెంచీలో భూలక్ష్మి ఏడుస్తోంది.

'వాడికి దెబ్బ తగిలితే దీనికెందుకు ఏడుపు?' నాగమణికి ఇంకా రోత పుట్టింది.

అతను మళ్ళీ రాలేదు.

తర్వాతి టెస్టులో భూలక్ష్మికి మళ్ళీ గుండుసున్నా.

"వాడు రావడం మానేశాక దీని మనసు పుస్తకం మీద ఉంటేగా! ఈ వయసుకే ఏం బుద్ధులండీ!" అంది నాగమణి స్టాఫ్‌రూములో, నలుగురూ వినేట్టు.

విశ్వేశ్వరరావు ఆలస్యం చెయ్యలేదు. ఇంట్లో పెద్దవాళ్ళని తన గదికి తీసుకురమ్మన్నాడు.

భూలక్ష్మి వెంట వచ్చింది ఆ కిటికీ మనిషే.

"నువ్వా! నువ్వు దీని తండ్రివా?" నాగమణి నోరు వెళ్ళబెట్టింది.

"అవు మేడం. లింగమూర్తి అంటరు. ఆ కొత్త బిల్డింగుల సెంట్రింగు పని చేస్త."

"మరి ఆ రోజు చెప్పొచ్చుగా! దెబ్బ తిని ఎందుకు పోయావ్?"

"చెప్తే ఇంకో ముచ్చట గూడ చెప్పాల్సొస్తది మేడం. ఇంతకుముందు రెండు బళ్ళల్ల చెప్పి చూసిన. సీటు లేదన్నరు."

"ఏం ముచ్చట?"

లింగమూర్తి విశ్వేశ్వరరావు వైపు తిరిగి చేతులు జోడించాడు. "సార్, జర ఈ ఒక్క ఏడాది ఉంచుకోండ్రి. పదో తరగతి గట్టెక్కుతది."

"రూలు రూలేనయ్యా. నీ కూతురి కోసం నా బ్యానర్ చింపుకోనా?"

రబ్బరు స్టాంపు టీసీ మీద టపీమని పడింది. సంతకం కూడా అయిపోయింది.

ఎవరి మీద అసహ్యమో తేల్చుకోలేక నాగమణి, భూలక్ష్మి పరీక్ష పేపర్ల కోసం బీరువా వైపు తిరిగి వెతకసాగింది.

"భూలక్ష్మీ, ప్రైవేటుగానైనా పరీక్షకి కడతావా?" అటు తిరిగే అడిగింది.

జవాబు లేదు.

"నిన్నే అడుగుతున్నది!"

ఉలుకూ లేదు, పలుకూ లేదు.

'పొగరు చూడు!' అనుకుంటూ విసురుగా ఇటు తిరిగింది నాగమణి.

లింగమూర్తి కూతురి ముందు వంగి, చప్పుడు లేకుండా పెదాలు ఆడిస్తున్నాడు. అచ్చం ఆ రోజు కిటికీలో ఆడించినట్టే. భూలక్ష్మి రెప్ప వెయ్యకుండా ఆ పెదాలనే చూసింది.

"కడత మేడం," అంది.

నాగమణికి అప్పటికి అర్థమైంది.

ఎదురుగా పెదాలు కనబడితే తప్ప మాట అందని ఆ చెవిటి పిల్లకి, తను బోర్డు వైపు తిరిగి చెప్పిన లెక్కలన్నీ కిటికీ అవతల నిలబడి అందించింది, తను థూ అని ఊసిన ఆ మనిషే.