ముక్కు మార్చిన బోటు

"తప్పు ఇంజన్‌ది గాదు బిడ్డా. కింది భాగానిది."

శ్రీహరి తల తిప్పి చూశాడు.

ఒడ్డున బక్కగా ఒక ముసలాయన. రెండు రోజులుగా అక్కడే కూర్చుంటున్నాడు.

కరీంనగర్ దగ్గరి రిజర్వాయర్‌లో స్పీడ్ బోటు నడపడం శ్రీహరి పని. టూరిస్టులను తిప్పాలి. ఎవరైనా నీళ్లలో పడితే అదే బోటుతో వెళ్లి తీయాలి. జోరందుకోగానే వేడెక్కి ఆగిపోయే ఇంజన్‌తో, పనిలో చేరిన ఈ రెండేళ్లుగా విసిగిపోయి ఉన్నాడు.

"నువ్వెవరు కాకా?"

"పేతురు అంటరు. కాగజ్‌నగర్ మాది. బోటు జర ఒడ్డెక్కియ్, చూస్త."

ఇద్దరు మెకానిక్‌లు చూసి చేతులెత్తేసిన బోటు. ఇంకొకరు చూస్తే పోయేదేముందని ఎక్కించాడు.

బోటు వెనక, నీళ్లలో మునిగి ఉండే గేర్ల డబ్బాను పేతురు చేత్తో తడిమాడు. ప్రొపెల్లర్ తిరిగేది దానికే.

"దీని ముక్కు మొద్దుగున్నది. నీళ్లను కొయ్యదు, గుద్దుకుంటది. జోరెక్కితే పక్కలకు బుడగలే. ఇంజన్‌ను సల్లబర్చే నీళ్లు పక్క బొక్కల్లకు రావు, అది కాగుతది."

"మరేం జెయ్యాలె?"

"ముక్కుకు మొన కట్టాలె. నీళ్లు గుంజే బొక్కలు దాని కిందికి తేవాలె. అడుగు రెక్కను పల్చగ గీకాలె."

నాలుగు రోజులు పట్టింది. పేతురు అల్యూమినియం మొనను వెల్డింగ్ చేయించి, ఆకురాయితో నున్నగా అరగదీశాడు. పది నిమిషాలు పని చేస్తే ఐదు నిమిషాలు దగ్గేవాడు.

"రేపు జేద్దువు తియ్ కాకా."

"రేపటి మీద నాకు నమ్మకం లేదు బిడ్డా."

ఐదో రోజు బోటు నీళ్లలోకి దిగింది. అవతలి గట్టుకు తొమ్మిది నిమిషాలు పట్టేది, ఆరు నిమిషాల్లో చేరింది. ఇంజన్ వేడెక్కలేదు.

"రా కాకా, కూసో. ఒక్క చుట్టు తిప్పుత."

"వద్దు. నాకు శాతగాదు."

ఆ సాయంత్రమే బస్సెక్కి పోయాడు. ఫోన్ నంబరు అడగాలని కూడా శ్రీహరికి తోచలేదు.

మూడు వారాలు గడిచాయి. అవతలి గట్టు దగ్గర చేపల పడవ బోల్తా పడింది. శ్రీహరి చేరేసరికి ముగ్గురు దాని అంచు పట్టుకుని వేలాడుతున్నారు. ఒకతని చెయ్యి అప్పటికే జారుతోంది.

ముగ్గురినీ పైకి లాగాడు.

మర్నాడు కాగజ్‌నగర్ వెళ్లాడు. చర్చి దగ్గర అడిగితే ఇల్లు చూపించారు. పేతురు భార్య సత్తవ్వ గడపలో కూర్చుని ఉంది.

"కాకా లేడా అమ్మా?"

"పోయిండు బిడ్డా. పన్నెండు రోజులైంది. ఊపిరితిత్తులు ఖరాబైనయి."

శ్రీహరి మెట్టు మీద కూర్చున్నాడు. జరిగిందంతా చెప్పాడు.

"ముగ్గురు బతికిన్రా?"

"బతికిన్రమ్మా."

సత్తవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది.

"గీ మాట ఆయన ఇనాల్సుండె."

"బోట్ల పని ఏడ నేర్చుకున్నడమ్మా?"

"మీ దగ్గర్నే. ఎనిమిదేండ్ల కింద గదే బోటు నడిపింది ఆయన్నే బిడ్డా... నడుమ నీళ్లల్ల ఆగిపోతే, మునుగుతున్న నలుగురిని అందుకోలేకపోయిండు."