బండిలో చోటు

"ముందు నోరు కడుక్కో!" అని అరిచాడు సగిన్‌బాయ్.

ఎదుట నిలబడ్డ పట్టణపు మనిషి బిత్తరపోయాడు.

"నేనేమన్నానన్నా? ఎవరైనా గుర్రం కింద పడి తుంటి ఎముక విరిగితే ఎలా కట్టు కట్టాలో మీ కుర్రాళ్ళకి చూపిస్తానన్నాను, అంతేగా."

"ఆట మొదలవకముందే పడటమూ విరగటమూనా! పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు! ఇంతకీ ఎవరు నువ్వు?"

"పేరు కుర్మాన్. పట్టణం ఆసుపత్రిలో ఎక్స్‌రే డాక్టర్ని. ఏటా మీ ఆటలోంచి మాకు వచ్చే కేసులు చూస్తే..."

"ఎక్స్‌రే తీసేవాడు కూడా డాక్టరేనట్రా!"

జీను బిగిస్తున్న రౌతులు గొల్లుమన్నారు.

"ఫొటోలవాడివి, ఆట అయ్యాక కనపడు. మేకని గోల్‌లో వేసిన మా వాణ్ణి తీద్దువుగాని" అన్నాడు సగిన్‌బాయ్.

మా వాడంటే ఎలమాన్, ఆయన ఒక్కగానొక్క కొడుకు. మేక కళేబరం కోసం గుర్రాల మీద కలబడే ఆ కోక్-బోరు ఆటలో లోయ మొత్తానికీ వాడే మొనగాడు. పైలోయ వాళ్ళ చేతిలో కిందటేడు ఓడిన పరువు ఇవాళ వాడే తిరిగి తేవాలి.

కుర్మాన్ అటు తిరగగానే సగిన్‌బాయ్ రౌతుల చెవిలో ఊదాడు.

"వాడి నోట్లోంచి చెడ్డమాట వచ్చింది. వాడి కారు టైర్లలోంచి గాలి కూడా రానివ్వండి. నడిచిపోతే గానీ బుద్ధి రాదు."

కాసేపట్లో కారు నాలుగు టైర్లూ గాలి పోయి మంచుకి అతుక్కుపోయాయి.

ఆట మొదలైంది.

కళేబరాన్ని మోకాలి కింద అదిమిపెట్టి ఎలమాన్ దూసుకుపోతున్నాడు. పైలోయవాడు అడ్డం పడ్డాడు. గుర్రం నిట్టనిలువుగా లేచి, వెల్లకిలా ఎలమాన్ మీదే పడింది.

గుర్రం లేచింది. వాడు లేవలేదు.

ఒంటి మీద రక్తపు చుక్క లేదు. ముఖం మాత్రం సున్నం కొట్టినట్టయింది.

"ఏం కాలేదు, బెణికిందంతే! గుర్రం ఎక్కించండి, సర్దుకుంటుంది" అన్నాడు సగిన్‌బాయ్.

"కదిలించొద్దు!"

కుర్మాన్ పరుగెత్తుకొచ్చి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. మెడలోని ఎర్రచారల ఉన్ని మఫ్లరు లాగి, కుర్రాడి తుంటి చుట్టూ తిప్పి, పళ్ళు బిగబట్టి ముడి వేశాడు.

"లోపల రక్తం కారిపోతోందన్నా. పైకి కనపడదు. వెంటనే పట్టణం పోవాలి."

మైదానంలో ఇక కదిలే బండి సగిన్‌బాయ్ వ్యాను ఒక్కటే. పైలోయవాళ్ళ లారీ గుర్రాల్ని దించేసి ఎప్పుడో వెళ్ళిపోయింది. మిగతా జనమంతా గుర్రాల మీద వచ్చినవాళ్ళు. ఫోనుకి సిగ్నలందని చోటు అది.

ఎలమాన్‌ని వ్యానులో పడుకోబెట్టారు. మేనమామ ఎక్కాడు. ఇద్దరు పెదనాన్నలు ఎక్కారు. మిగిలిన ఒక్క సీటులోకి నాలుగు కాళ్ళూ కట్టిన కొవ్విన గొర్రెపోతుని ఎత్తి పడేశారు.

"పెద్ద డాక్టరు దగ్గరికి ఒట్టి చేతుల్తో పోతామా!" అన్నాడు పెద్ద పెదనాన్న.

కుర్మాన్ తలుపు పట్టుకున్నాడు.

"నన్నూ ఎక్కించుకోండన్నా! నా కారు కదలదు. అక్కడ పని నాదే!"

"ఫొటో తియ్యడానికి ఇంకోడుంటాడులే."

"మీకు దండం పెడతాను, ఆ గొర్రెని దించండి!"

"డాక్టరుగారి కానుక దించమంటాడేమిట్రా వీడు! ఎంత పొగరు!"

సగిన్‌బాయ్ అతని వేళ్ళని తలుపు మీంచి ఒక్కొక్కటే ఊడదీశాడు.

వ్యాను నడుపుతూ సగిన్‌బాయ్ అద్దంలో చూస్తే, ఆ మనిషి మంచులో పడుతూ లేస్తూ వెంట పరుగెత్తుతున్నాడు.

"సిగ్గులేని జన్మ" అన్నాడు మేనమామ.

ఆసుపత్రిలో తల నెరిసిన సర్జను కుర్రాడి పొట్ట తడిమాడు. నాడి చూశాడు. మఫ్లరు ముడి చూసి తలాడించాడు.

"ఈ కట్టు కట్టినవాడి కాళ్ళు కడిగి ఆ నీళ్ళు నెత్తిన చల్లుకో. ఇది లేకపోతే దారిలోనే పోయేవాడు."

సగిన్‌బాయ్‌కి ప్రాణం లేచొచ్చింది.

"గొర్రెపోతుని తెచ్చానయ్యా. తమరికే. నా బిడ్డని నిలబెట్టండి."

"నాకెందుకు? నేను కోస్తే ఉన్న రక్తం కూడా పోతుంది. తొడ దగ్గర చిన్న రంధ్రం పెట్టి, ఎక్స్‌రేలో చూసుకుంటూ సన్నటి గొట్టం పంపి, కారుతున్న నాళాన్ని లోపల్నించే మూసెయ్యాలి. ఆ విద్య ఈ చుట్టుపక్కల తెలిసింది ఒక్కడికే. ఇచ్చుకుంటే ఆయనకిచ్చుకో."

ఎక్స్‌రే అన్న మాటకి సగిన్‌బాయ్ టోపీ తీసి చేత పట్టుకున్నాడు.

"ఆయన్ని... పిలిపించండయ్యా."

"పొద్దుట్నుంచీ ఫోను కలవట్లేదు. ఎవరికో కట్లు నేర్పిస్తానని మీ లోయకే వెళ్ళాడు."

"మనిషిని పంపితే?"

"పంపొచ్చు. వాళ్ళు వెళ్ళి వచ్చేదాకా నీ కొడుకు ఆగడు."

అంతలో సెలైను పెడుతున్న నర్సమ్మ వంగి, మఫ్లరు అంచు పట్టుకుని చూసింది.

"ఇది నేనల్లిందే కదండీ! డాక్టరుగారి పుట్టినరోజుకి!"

సర్జను ముఖం విచ్చుకుంది. సగిన్‌బాయ్ భుజం మీద గట్టిగా చరిచాడు.

"ముందే చెప్పవేమయ్యా! బతికాడయ్యా నీ కొడుకు! మా కుర్మాన్ ఏడీ, బండి దిగలేదా ఇంకా?"

సగిన్‌బాయ్ కిటికీలోంచి చూశాడు. వ్యాను తలుపు తెరిచే ఉంది. ఆ ఒక్క సీటులో గొర్రెపోతు తీరిగ్గా నెమరు వేస్తోంది.