ఎలుగుబంటి కొసరు

అడవి సంతలో ఎలుగుబంటి పల్లీలు అమ్మేది. సోలతో కొలిచి, "ఇదిగో కొసరు, కోడలు పిల్లా!" అంటూ పైన ఇంకో గుప్పెడు పోసేది. ఆ గుప్పెడు కోసమే అడవంతా అక్కడికి ఎగబడేది.

ఉడుతకే ఎందుకో మనసు కుదుటపడలేదు. కొసరుతో కలిపి తెచ్చినా, ఇంట్లో కొలిస్తే సోల నిండేది కాదు. మళ్లీ సంత వచ్చేదాకా పిల్లలు అర్ధాకలితో పడుకునేవి.

ఆ వారం ఎలుగు కొసరు పోయబోతుంటే, ఉడుత సంచి మూతి బిగించింది.

"కొసరొద్దు మామా. ఆ సోల ఒక్కసారి ఇలా ఇయ్యి."

"మామ మీదే అనుమానమా?"

"తీరిపోతే ఇద్దరికీ మంచిదేగా!"

ఉడుత సోలలో చెయ్యి పెట్టింది. అడుగున మందంగా తేనెమైనం తగిలింది.

వెనక కొసరు కోసం సంచులు తెరిచి నిలబడ్డ కుందేళ్లన్నీ, ఈసారి సోల కోసం చేతులు చాచాయి.