తమ్ముడికి నిద్రపట్టడం లేదు

మండవల్లి ఆసుపత్రిలో జాయ్సీ కౌన్సెలర్. దిగులుతో వచ్చినవాళ్లతో మాట్లాడడం ఆమె పని. మరో మూడేళ్లు ఇక్కడే ఉంటే నెలకు పదివేలు అదనంగా ఇస్తామని ప్రభుత్వం కాగితం పంపింది. ఆమె సంతకం పెట్టలేదు. హైదరాబాదులో రెట్టింపు జీతం ఇస్తామన్నారు.

చేపల చెరువు రైతు ఏడుకొండలు ఎప్పటిలాగే సోమవారం వచ్చాడు. నిద్రపట్టని తమ్ముడి కోసం ఏడాదిగా వచ్చి సలహాలు అడుగుతున్నాడు.

"వచ్చేవారం నుంచి నేనుండనండి. ఈలోగా మీ తమ్ముడుగారిని ఒక్కసారి తీసుకురండి," అంది జాయ్సీ.

ఏడుకొండలు తువ్వాలు విప్పి, మళ్లీ మడతపెట్టాడు.

"నాకు తమ్ముడు లేడండి. నిద్రపట్టనిది నాకేనండి."

"కూర్చోండి. మొదటినుంచీ మీ సంగతే చెప్పండి," అంది జాయ్సీ.

ఆ సాయంత్రం కాగితం మీద సంతకం పెట్టింది. పదివేలు బాగా పనిచేశాయని జిల్లా ఆఫీసులో సంతోషించారు.