హంస ముక్కు దగ్గర చుక్క

“కొంప మునిగిందే రాజ్యం!” అంటూ పాండురంగయ్య మగ్గం ఆపేశాడు.

మంగళగిరికి సెలవులకొచ్చిన రీసెర్చ్ విద్యార్థిని రాజ్యశ్రీ, ల్యాప్‌టాప్ వదిలేసి తండ్రి దగ్గరకు పరుగెత్తింది. చీర అంచు నిండా హంసలే. ప్రతి హంస ముక్కు దగ్గరా నలుసంత చుక్క, ఉండకూడని చోట. మగ్గం పైన తిరిగే అట్టల్లో ఒకదాని చిల్లు చిరిగింది. డిజైనంతా ఆ చిల్లుల్లోనే ఉంటుంది మరి.

“ఈ అట్టతో నేసినవి పన్నెండు చీరలు మొన్ననే భానుచందర్ గారి షాపుకెళ్లిపోయాయి. పాండురంగయ్య నేతలో తప్పుండదని బెజవాడ బెంజ్ సర్కిల్లో అందరికీ చెప్పుకుంటాడాయన. ఇక మన గుమ్మం తొక్కుతాడా?” ముసలాయన చిరిగిన అట్ట ఊడదీసి చూపించాడు.

“ఎలా చిరిగింది నాన్నా?”

“వాడీ వాడీ. సూదులు తగిలినప్పుడల్లా అరుగుతుంది. ఎక్కువ పని చేసే అట్టకే ఎక్కువ దెబ్బ.”

రాజ్యశ్రీ ఎగిరి గంతేసినంత పని చేసింది. “నా రీసెర్చంతా ఇదే నాన్నా! మన కణాల్లో డీఎన్ఏ కూడా అంతే. జన్యువుని చదవాలంటే పెనవేసుకున్న రెండు పోగులనీ విడదీయాలి. అలా విప్పినప్పుడే దెబ్బ తగిలే ప్రమాదం.”

కొంప మునిగిందన్నవాడు ఆ మాటే మర్చిపోయాడు. నేతగాడికి పోగు మాట చెబితే అంతే. “తగిలితే?”

“చదివే యంత్రం దెబ్బ దగ్గరే ఆగిపోతుంది. అది ఆగిందంటే రిపేరు వాళ్లకి కబురందినట్టే. వాళ్లొచ్చి పాడైన ముక్క కత్తిరించి, ఎదుటి పోగు చూసి కొత్తది అల్లేస్తారు. ఆ తర్వాతే మళ్లీ చదువు.”

“ఓరి దాని తెలివి తగలెయ్య! నేను పన్నెండు చీరల దాకా ఆగలేదు కదే.”

“దాని కన్నుగప్పి కూడా ఒకటీ అరా జారిపోతాయిలే నాన్నా. నువ్వు బాధపడకు.”

తండ్రీ కూతుళ్లు గళ్ల కాగితం మీది పాత డిజైను ముందేసుకుని కొత్త అట్టకు చిల్లులు కొట్టారు. తల్లి నాగమల్లేశ్వరి అన్నానికి పిలిచి పిలిచి, చివరికి కంచాలు మగ్గం దగ్గరికే తెచ్చి పెట్టింది. సాయంత్రానికి హంసలు కడిగిన ముత్యాల్లా వచ్చాయి. పాండురంగయ్య మనసు సగం కుదుటపడింది. మిగతా సగం భానుచందర్ చేతిలో ఉంది.

తెల్లారేసరికి ఆయన కారు వచ్చి వాకిట్లో ఆగనే ఆగింది.

“తప్పయిపోయింది బాబూ. ఆ పన్నెండూ వెనక్కి పంపించెయ్యండి. ఇదిగో, చుక్క లేకుండా నేస్తున్నాను, చూడండి.”

భానుచందర్ వంగి, మగ్గం మీది అంచు ఆ కొస నుంచి ఈ కొస దాకా చూశాడు. నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

“ఎంత పని చేశారు బాబాయ్! హంస నోట్లో ముత్యం భలే పెట్టారని పన్నెండూ గంటలో ఎగరేసుకుపోయారు. అలాంటివే ఇంకో నలభైకి మాటిచ్చి వచ్చానండీ!”