తిట్లు పడని మనిషి

లుమోర ద్వీపంలో అందరి చెవుల్లోనూ అనువాద బిళ్ళలుంటాయి. ఎవరు ఏ భాషలో అరిచినా అవి మర్యాదగా మార్చి వినిపిస్తాయి.

వనజ భర్త నెరూ పోయాడు. నెరూ వాళ్ళ తూర్పు రేవులో పోయినవాణ్ణి అయినవాళ్ళు తిట్టి పంపాలి. తిట్లు పడకపోతే తనకెవరూ లేరనుకుంటాడట.

అత్తగారు శవాన్ని కుదుపుతూ గొంతు చించుకుంది. వనజకు "మీ లోటు తీరనిది" అని వినిపించింది.

తన వంతు రాగానే వనజ తెలుగులో అందుకుంది. "సచ్చినోడా! పోసిన టీ అయినా తాగకుండా పోతావా? నీ మొహం మండ!"

అత్తగారి చెవిలోనూ బిళ్ళ ఉంది. ఆమె కోడలి వైపు తిరిగి ఏదో కసిరింది.

"ఎంత మర్యాదగా మాట్లాడారండీ," అని వినిపించింది వనజకు.

వనజ లోపలికెళ్ళి, చల్లారిన టీ పారబోసి, కప్పు కడిగి బోర్లించింది.